ఫోన్ దగ్గర నేను, గోల్ దగ్గర ఆ పిల్ల

ఇరాక్ మీద బాంబులు పడ్డ ఏడాది మా అమ్మాయి కాలేజీ ఫుట్‌బాల్ టీం ఒక్క ఆట కూడా గెలవలేదు. ఏప్రిల్‌లో మొదలుపెట్టి ఆగస్టు దాకా, చలిలో, వానలో, బురదలో ప్రతి శనివారం క్రమం తప్పకుండా ఓడిపోయారు.

కాలేజీ అంటే మన దగ్గరి కాలేజీ కాదు. మన ఎండాకాలం చలికాలమయ్యే న్యూజిలాండ్‌లో హైస్కూలునే కాలేజీ అంటారు. ఆ సంగతి తెలియక మా అక్క ఫోన్‌లో, "పదిహేనేళ్ళకే కాలేజీయా! అంత తెలివి ఎవరి పోలికే?" అని అడిగింది. నా పోలికే అన్నాను. నేను చదివింది ఐదో తరగతి.

చదువు అబ్బలేదు గానీ ఒకసారి చెవిన పడ్డ మాట నాకు పోదు. మా ఆడపడుచు పెళ్ళిలో రెండో బంతికి ఎవరెవరు ఏ వరసలో కూర్చున్నారో, ఎవరి విస్తట్లో అప్పడం పడలేదో ఇప్పటికీ చెప్తాను. మా ఆయన దీన్ని జబ్బు అంటాడు. పాత పోట్లాటలన్నీ మాటకు మాట అప్పజెప్తానని ఆయన బాధ.

అప్పటికి మేం అక్కడ పాపటోయిటోయి అనే ఊళ్ళో కాపురం పెట్టి మూడేళ్ళు. మా ఆయన ఎయిర్‌పోర్టు పక్కన పెద్ద గోడౌన్‌లో ఫోర్క్‌లిఫ్ట్ నడిపేవాడు. శనివారాలు కూడా షిఫ్టే. అందుకని అమ్మాయి ఆటకు నేనే వెళ్ళాలి.

మొదటి ఆటకు మడత కుర్చీ పట్టుకుని వెళ్ళి, మా టీం బట్టలు వేసుకున్న పిల్ల ఒకతె వల ముందు ఒంటరిగా నిలబడి ఉంటే పాపం తోడుగా ఉందామని ఆ వల పక్కనే కూర్చున్నాను. మన పిల్ల నిలబడ్డ వల మనదే కదా, అందులో బంతి పడితే మనకే లాభం అనుకున్నాను. పడ్డప్పుడల్లా లేచి చప్పట్లు కొట్టాను. తొమ్మిది సార్లు పడింది. అవతలి టీం వాళ్ళమ్మలు నన్ను చూసి మహా ముచ్చటపడ్డారు. ఒకావిడ కాఫీ కూడా తెచ్చిచ్చింది.

ఇంటికొచ్చే దారిలో మా అమ్మాయి నాకంటే నాలుగడుగులు ముందే నడిచింది. తర్వాత అంది, "అమ్మా, నువ్వు ఎవరికి క్లాప్స్ కొట్టావ్?"

"మీకే."

"తొమ్మిదీ వాళ్ళ గోల్సమ్మా."

"మరి మీకెన్ని?"

"జీరో."

"పోనీలే, మొదటిసారి కదా," అన్నాను. రెండోసారి పన్నెండు.

ఆ వల ముందు నిలబడ్డ పిల్లది ఇరాక్. మాకు రెండు వీధుల అవతల ఉండేవాళ్ళు. వాళ్ళ నాన్న మా ఆయనతో పాటే గోడౌన్‌లో పని. వాళ్ళమ్మ శనివారాలు హోటల్లో గదులు తుడవడానికి పోయేది. ఆ పిల్ల సన్నగా, పొడుగ్గా, కళ్ళ కింద నలుపుతో ఉండేది. బంతి వస్తుంటే భయపడేది కాదు. అలా అని పట్టుకునేదీ కాదు. దాన్ని దగ్గరకు రానిచ్చి, పక్క నుంచి పోనిచ్చి, తర్వాత మర్యాదగా వెళ్ళి వలలోంచి తీసుకొచ్చేది.

కోచ్ అని ఒక లెక్కల మాస్టారు. తెల్లాయన, కుర్రవాడు. ఫుట్‌బాల్ ఆయనా ఎప్పుడూ ఆడలేదట, లైబ్రరీలో పుస్తకం తెచ్చుకుని నేర్పేవాడు. చాలా మంచివాడు. మంచితనం ఆయనకు కొంచెం ఎక్కువైంది కూడా. ఇరాక్ పిల్ల మనసు కష్టపడుతుందని, మైదానంలో ఎవరూ 'షూట్' అనకూడదు, 'ఎటాక్' అనకూడదు అని రూలు పెట్టాడు. దాంతో మా పిల్లలు బంతి దొరికితే ఏమని అరవాలో తెలియక ఒకళ్ళ మొహం ఒకళ్ళు చూసుకునేవాళ్ళు. "ప్లీజ్, తన్నవే!" అని ఒకతె, "అటు పంపించు, అటు పంపించు!" అని ఇంకొకతె. వాళ్ళు ఆ మాట వెతుక్కునే లోపల అవతలి వాళ్ళు బంతి పట్టుకుపోయేవాళ్ళు.

చివరికి ఇరాక్ పిల్లే మాస్టారి దగ్గరకెళ్ళి చెప్పింది. "సర్, షూట్ అననివ్వండి. వీళ్ళు అటు వైపు వెళ్ళకపోతే అందరూ నా మీదికే వస్తున్నారు."

ఆ మాట అన్నాకే నాకు ఆ పిల్ల నచ్చింది.

ఇక్కడ ఇంకో పద్ధతి ఉంది. ఆట సగంలో పిల్లలకు కమలాపండ్లు కోసి ఇవ్వాలి, వారానికొక తల్లి వంతు. నా వంతు వచ్చినప్పుడు పండ్లు నాలుగు ముక్కలు చేసి, ఊరికే ఏం ఇస్తాంలే, జామకాయలకు చల్లినట్టు ఉప్పూ కారం చల్లి పట్టుకెళ్ళాను. పగిలిన పెదాలు, దాహం మీదున్న పిల్లలు. ఆ రోజు రెండో సగంలో మా వాళ్ళు పరిగెత్తినంత ఇంకెప్పుడూ పరిగెత్తలేదు. కాకపోతే అందరూ నీళ్ళ కుళాయి వైపు. వెంటనే పండ్ల వంతుల జాబితాలోంచి నా పేరు తీసేశారు. ఇరాక్ పిల్ల మాత్రం రెండు ముక్కలు ఎక్కువ తింది.

మూడో శనివారం తర్వాత ఆ పిల్ల ఆటకు రావడం మానేసింది. నేను వంటింట్లో చింతపండు పిసుకుతుంటే మా అమ్మాయి వచ్చి గుమ్మం పట్టుకుని నిలబడింది. ఆ టీంకి ఇదే కెప్టెన్. ఇంకెవరూ ఒప్పుకోలేదు కాబట్టి.

"తను రానంటోందమ్మా. వాళ్ళ గ్రాండ్‌మా బాగ్దాద్‌లో ఉంది. బాంబింగ్ మొదలైనప్పటి నుంచి న్యూస్ లేదు. ఎవరైనా ఫోన్ చేస్తే ఇంట్లో ఎవరూ ఉండరని తను ఫోన్ దగ్గరే కూర్చుంటోంది."

"మిగతా టైంలో చెయ్యరా?"

"మన మధ్యాహ్నం వాళ్ళకి తెల్లవారుజాము. అక్కడ లైన్లన్నీ పోయాయి. రోడ్ మీద ఎవరో ఒకడి దగ్గర శాటిలైట్ ఫోన్ ఉంటుందట, తెల్లారకముందే వెళ్తే క్యూ తక్కువుంటుందట. మన మ్యాచ్ కరెక్ట్‌గా అప్పుడే."

"మెషీన్ పెట్టుకోవచ్చుగా, మాట రికార్డయ్యేది?"

"పెట్టారు. ఒకసారి ఎవరో చేసి, ఇంగ్లీష్ వినిపించేసరికి పెట్టేశారు. ఎవరో తెలీదు. ఆ రోజు వాళ్ళ నాన్న మెషీన్ తీసి చెత్తలో పడేశాడు." మళ్ళీ తనే అంది, "గోల్‌కీపర్ లేకపోతే మాకు టీమే లేదమ్మా. కానీ అది కాదు. ఆ ఇంట్లో ఒక్కతే కూర్చుని ఫోన్ వైపే చూస్తోంది."

నేను చింతపండు చెయ్యి కడుక్కుని, డబ్బాలో గారెలు పెట్టుకుని, మా అమ్మాయిని వెంటబెట్టుకుని వాళ్ళింటికెళ్ళాను. ఆ తల్లి చిన్న గాజు గ్లాసులో పాలు లేని టీ ఇచ్చింది. ఆమెకొచ్చిన ఇంగ్లీషు, నాకొచ్చిన ఇంగ్లీషు రెండూ కలిపినా ఒక మనిషికి చాలదు. ఫోన్ చూపించాను, నన్ను చూపించుకున్నాను, కుర్చీలో కూర్చుని చూపించాను. ఆమె అర్థం చేసుకుని తల అడ్డంగా ఊపింది. నోటి దగ్గర చెయ్యి పెట్టి, వేళ్ళు కదిపి, నా వైపు చూసి చెయ్యి తిప్పేసింది. ఫోన్ వస్తే నీకు ఏం తెలుస్తుంది అని.

నిజమే. నాకేం తెలుస్తుంది? అప్పుడు ఆ పిల్లను పిలిచి, "మీ భాషలో ఏదైనా చెప్పవే, పెద్దదిగా," అన్నాను. మా అమ్మాయి ఇంగ్లీషులో అందించింది. ఆ పిల్ల విసుగ్గా, గబగబా ఏదో అంది. నేను దాన్ని అలాగే తిరిగి అప్పజెప్పాను, చివరి నిట్టూర్పుతో సహా. తల్లి చేతిలో గ్లాసు కింద పెట్టేసింది.

తర్వాత తెలిసింది, ఆ పిల్ల అన్నది 'ఈ ఆంటీ ఇంటికెళ్తే బాగుండు, నాకు నిద్రొస్తోంది' అని.

అలా కుదిరింది. శనివారం మధ్యాహ్నం ఆ పిల్ల గోల్ దగ్గర, నేను ఫోన్ దగ్గర. నాకు మూడు ముక్కలు నేర్పారు. 'కుల్‌నా జేనీన్' అంటే అందరం బాగున్నాం అని. 'ఇహ్‌చీ, ఆనీ అహ్‌ఫజ్' అంటే నువ్వు చెప్పు, నేను గుర్తుపెట్టుకుంటాను అని. 'పిల్ల ఆటకెళ్ళింది' అని ఇంకో ముక్క. వంట చేస్తూ, బట్టలు ఆరేస్తూ ఇవే వల్లెవేసేదాన్ని.

మా ఆయన విని విని, "మూడేళ్ళయినా బస్సు డ్రైవర్‌తో మాట్లాడ్డం రాలేదు, ఇప్పుడు అరబ్బీయా!" అన్నాడు.

"బస్సు డ్రైవర్ ఎప్పుడైనా నా మాట కోసం కాచుక్కూర్చున్నాడా?" అన్నాను.

ఆ పిల్ల వారానికోసారి నాకు పరీక్ష పెట్టేది. వాళ్ళ నానమ్మలా గొంతు మార్చి ఏవేవో చెప్పేది, నేను అప్పజెప్పేదాన్ని. గొంతు లోపలి నుంచి వచ్చే అక్షరాల దగ్గర మాత్రం నవ్వేది. "ఆంటీ, ఇంకా లోపలి నుంచి. చేప ముల్లు ఇరుక్కున్నట్టు." అంతకు ముందు ఆ పిల్ల నవ్వడం నేను చూడలేదు.

పప్పు ఏరుకుంటూ, వెల్లుల్లి ఒలుచుకుంటూ ఎన్ని శనివారాలు కూర్చున్నానో! ఫోన్ మోగితే చేతిలో చేట కింద పెట్టి ఎత్తేదాన్ని. ఒకసారి కార్పెట్లు కడుగుతామని ఎవడో చేశాడు. కంగారులో 'కుల్‌నా జేనీన్, ఇహ్‌చీ' అన్నాను. వాడు పెట్టేశాడు. మళ్ళీ వారం మళ్ళీ వాడే. ఈసారి వాడు ముందే "సారీ, సారీ," అని పెట్టేశాడు. ఇంకోసారి గోడౌన్ నుంచి మా ఆయనే చేశాడు, ఫోన్ పనిచేస్తోందో లేదో చూద్దామని. ఆయన్ను తిట్టడానికి నాకు అరబ్బీ అవసరం రాలేదు.

ఆటయ్యాక పిల్లలిద్దరూ బురదకాళ్ళతో పరిగెత్తుకొచ్చేవాళ్ళు. ఆ పిల్ల గుమ్మంలోంచే నా మొహం చూసేది. నేను తల అడ్డంగా ఊపేదాన్ని. "ఎంత?" అని నేను అడిగేదాన్ని. "ఎనిమిది," అనేది మా అమ్మాయి. తర్వాత అందరం గారెలు తినేవాళ్ళం. వారం వారం అదే. టీవీలో యుద్ధం అయిపోయిందన్నారు. ఆ ఇంట్లో మాత్రం ఏమీ అయిపోలేదు.

ఆఖరి ఆట మా కాలేజీ మైదానంలోనే. ఆ మధ్యాహ్నం రెండు దాటాక ఫోన్ మోగింది. ఎత్తితే ముందు గాలి హోరు. తర్వాత ఒక ముసలి గొంతు. నేను నా మూడు ముక్కలూ గుక్క తిప్పుకోకుండా చెప్పేశాను. తర్వాత మొదలైంది చూడండి! అరుపు, దగ్గు, మళ్ళీ అరుపు, మధ్యలో పక్కన ఎవరి మీదో కేకలు, మళ్ళీ దగ్గు. నేను కళ్ళు మూసుకుని చెవులు మాత్రం తెరుచుకుని కూర్చున్నాను. టక్కుమని లైన్ పోయింది.

అది ఆవిడేనా? ఆవిడ గొంతు నేనెప్పుడూ వినలేదు. ఆవిడ పోయిందని చెప్పే పక్కింటి ముసలమ్మ కూడా అలాగే అరవొచ్చు. నా నోట్లో ఉన్నది శుభలేఖో చావు కబురో నాకు తెలియదు. రాసుకుందామంటే పెన్ను వెతికేలోపు సగం జారిపోతుంది, పైగా ఆ గొంతు అక్షరాలు మన తెలుగులో ఇమడవు. వెనకాముందూ ఆలోచించకుండా వాళ్ళ తలుపు లాగి, చీర మీద రెయిన్‌కోటు వేసుకుని బయల్దేరాను.

నోరు ఆపకూడదు. ఆపితే పోతుంది. పైకే అనుకుంటూ నడిచాను. ఇండియన్ షాపు ముందు, ఆ షాపు నడిపే ఫిజీ అంకుల్, "నమస్తే, తాజా మెంతికూర వచ్చింది," అన్నాడు. ఆయన వైపు చూసి అరబ్బీలో కేకేసి ముందుకు పోయాను. తర్వాత రెండు నెలలు ఆయన నాతో చాలా జాగ్రత్తగా మాట్లాడాడు. ఎదురొచ్చిన తెల్ల ముసలావిడ, "ఒంట్లో బాగుందా?" అని చెయ్యి పట్టుకోబోయింది. నేను ఆవిడ మొహం మీద రెండుసార్లు దగ్గాను. ఏం చెయ్యను, సరిగ్గా దగ్గు దగ్గరికే వచ్చాను మరి.

మైదానం చేరేసరికి ఆట సాగుతోంది. అప్పటికి ఐదు పడ్డాయట. ఆ పిల్ల గోల్ దగ్గర, వీపు నా వైపు. నేను వల వెనక్కి వెళ్ళి, వల దారాలు రెండు చేతులా పట్టుకుని, మొదటి నుంచి మొదలుపెట్టాను.

ఆ పిల్ల మొదటి మాటకే వెనక్కి తిరిగింది. మొహం తెల్లగా పాలిపోయింది. నేను ఆపలేదు. ఆమె నా నోటి వైపే చూస్తోంది. దగ్గు దగ్గరకొచ్చేసరికి చేతుల తొడుగులు ఊడదీసి కింద పడేసింది.

"కీపర్! కీపర్!" అని మాస్టారు అరుస్తున్నాడు. "అమ్మా! గేమ్ అవుతోంది!" అని మా అమ్మాయి. బంతి వచ్చింది. ఆ పిల్ల పక్క నుంచి వచ్చి, వలలో నా పొట్టకు తగిలి ఆగింది. ఆరు. నేను అప్పజెప్పడం ఆపలేదు. ఇంకా పక్కనెవరి మీదో కేకలు మిగిలి ఉన్నాయి.

అయిపోయింది. నేను ఊపిరి పీల్చుకున్నాను. ఆ పిల్ల వల పట్టుకుని కిందకు జారి, నేల మీద కూర్చుంది. భుజాలు అదురుతున్నాయి. చంపేశాన్రా దేవుడా అనుకున్నాను. మా అమ్మాయి పరిగెత్తుకొచ్చి దాన్ని పట్టుకుంది. రెఫరీ విజిల్ ఊదాడు. అప్పుడు ఆ పిల్ల తలెత్తింది. ఏడుస్తోంది. కానీ నవ్వుతోంది.

"ఏమంది? ఏమంది?" అని మా అమ్మాయి.

ఆ పిల్ల ఇంగ్లీషులో ఒక్కొక్క ముక్కా చెప్తుంటే మా అమ్మాయి నాకు తెలుగులో చెప్పింది. 'ఎవతివే నువ్వు? ఇదేం అరబ్బీ? గాడిద కూడా ఇంతకంటే బాగా మాట్లాడుతుంది. నా కొడుక్కి చెప్పు, చావలేదని. మేడ మీద గది పోయింది, కింద ఉంటున్నా. పక్కింటిది నా కుట్టుమిషను తీసుకుని ఇవ్వటం లేదు. నెట్టకురా, నా వంతు అవలేదు, నీ అమ్మలాంటి దాన్ని! ఆడపిల్లకి ఆటేమిటి, చదువుకోమను.'

"ఇది తనే, గ్యారంటీగా తనే," అంటోంది ఆ పిల్ల. "ఇలా ఇంకెవరూ తిట్టరు. ఆంటీ, మళ్ళీ చెప్పండి."

రెఫరీ ఆట మొదలుపెట్టాడు. నేను మళ్ళీ చెప్పాను. ఆ పిల్ల మైదానానికి వీపు పెట్టి వింటూ నిలబడింది. మా అమ్మాయి తొడుగులు ఏరుకుని వేసుకుని తనే గోల్ ముందు నిలబడింది. ఇంకో మూడు పడ్డాయి. మొత్తం తొమ్మిది–సున్నా. మాస్టారికి సంగతి తెలిసి, ముక్కు చీదుకుంటూ, "వెల్ ప్లేడ్, వెల్ ప్లేడ్," అని అందరితో చేతులు కలిపాడు. నాతో కూడా.

ఐదింటికి గోడౌన్ షిఫ్టు దిగే వేళకు పిల్లలిద్దరూ నన్ను గేటు దగ్గర నిలబెట్టారు. దారిలో హోటల్ దగ్గర ఆ తల్లికి ఒకసారి అయింది. ఆవిడ నా రెండు బుగ్గలూ ముద్దుపెట్టుకుని అక్కడే మెట్ల మీద కూలబడింది. ఇప్పుడు ఆ పిల్ల నాన్న వంతు. పెద్ద మీసాలాయన, బరువులెత్తే మనిషి. మా ఆయన పక్కనే నడుచుకుంటూ బయటకొచ్చాడు. కూతురు ఒక్క మాట చెప్పింది. ఆయన చేతిలో టిఫిన్ డబ్బా అలాగే పట్టుకుని నా ముందు నిలబడ్డాడు.

నాలుగోసారి మొదలుపెట్టాను. గాడిద దగ్గర ఆయన మీసాల కింద నవ్వాడు. కుట్టుమిషను దగ్గర తల ఊపాడు. దగ్గు దగ్గరకు వచ్చేసరికి చెయ్యెత్తి నన్ను ఆపాడు.

"అది," అన్నాడు ఇంగ్లీషులో. "అది మళ్ళీ. ప్లీజ్."

రెండు పొడిదగ్గులు, ఒకటి లోపలి నుంచి. దగ్గాను. ఆయన కళ్ళు మూసుకున్నాడు. "మళ్ళీ," అన్నాడు. మళ్ళీ దగ్గాను.

మా ఆయనకు సంగతి ఇంకా తెలియదు పాపం. నాకు నిజంగానే జలుబు చేసిందనుకుని, నీళ్ళ సీసా మూత తీసి నా చేతిలో పెట్టి, "వానలో ఎందుకు తిరిగావే?" అని విసుక్కున్నాడు.